పొట్టిదాన్ని, క్లే షూటింగ్‌కి ఏ షాట్‌గన్ సరిపోతుంది?

నా ఎత్తు 5 అడుగులు, బరువు 47 కిలోలు, క్లే షూటింగ్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కొట్టడం) మొదలుపెట్టి ఇంకా నెల కాలేదు. నేర్చుకునే చోట ఇచ్చిన 12 గేజ్ ఓవర్ అండర్ (ఒకదానిపై ఒకటి రెండు గొట్టాలున్న షాట్‌గన్) నాకు మరీ పొడుగు. భుజానికి ఎత్తిన ప్రతిసారీ బట్ (తుపాకీ వెనక కొస) చంక దగ్గర చొక్కాకి తగులుకుంటుంది, మెడ సాచితే గానీ చెంప ఆనదు, రెండు రౌండ్లు కాగానే చెంప ఎముక వాచిపోతోంది. కొలిచి చూస్తే ట్రిగ్గర్ నుంచి బట్ దాకా 14.5 అంగుళాలు, నాకు 13 చాలేమో. అందరూ 20 గేజ్ (12 కన్నా సన్న గొట్టం, తేలికైన తుపాకీ) కొనమంటున్నారు, కానీ తుపాకీ తేలికైతే అదే లోడ్‌కి (తూటాలోని గుళ్ల బరువుకి) భుజానికి తన్ను ఎక్కువే కదా? దానికన్నా గ్యాస్‌తో పనిచేసే 12 గేజ్ సెమీ ఆటోలో (పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తో తనే తర్వాతి తూటా ఎక్కించుకునే తుపాకీలో) 24 గ్రాముల గుళ్లున్న తూటాలు వాడితే నయమా? "అలవాటవుతుందిలే" అని మాత్రం అనకండి, ముప్పై నాలుగేళ్లకి చేతులు ఇంక పెరగవు. స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొట్టిగా కోయించుకున్నవాళ్లుంటే, కోశాక బరువు ముందుకి వాలినట్టు అనిపించిందా, చెంప ఆనే చోటు మారిందా, కాస్త చెప్పండి.