ఉండవల్లికి పిల్లలు, కొండవీటికి కుర్రాళ్లు: దారి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ వన్‌టౌన్. మా వీధి బడి లైబ్రరీకి పుస్తకాలు కొనాలని, సంక్రాంతికి ముందు ఒక ఆదివారం చందాల సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. పాతికమందిమి. పదేళ్ల పిల్లలున్నారు, అరవై నాలుగేళ్ల మా బాబాయి ఉన్నారు (ఆయనది గేర్లు లేని పాత సైకిలే, మార్చమంటే కోపం).

పిల్లలకు ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహల దాకా చాలు. బ్యారేజీ కిలోమీటరు పైచిలుకే, పొద్దున్నే కృష్ణమ్మను చూస్తూ తొక్కొచ్చు. బాబాయి లాంటివాళ్లకు కరకట్ట మీదుగా వెంకటపాలెం వైపు అనుకుంటున్నాం. ఆ దారిలో తెల్లవారుజామున లారీలు తిరుగుతాయా? ఆరింటికే తీసే పంక్చర్ షాపు ఎక్కడైనా ఉందా?

అసలు బెంగ కుర్రాళ్ల గురించి. గుంటూరు మీదుగా వెళ్లి కొండవీడు ఘాట్ ఎక్కుతారట. ఎక్కడం వాళ్ల ఓపిక, నా భయమంతా దిగేటప్పుడే. బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ములు వేడెక్కుతాయి, మలుపుల్లో పట్టు తప్పుతుంది. అక్కడ సైకిల్ మీద దిగినవాళ్లెవరైనా ఉన్నారా? ఏ మలుపు దగ్గర ఆగి నడిపించుకు రావాలి? పైన తాగునీళ్లు దొరుకుతాయా, మోసుకెళ్లాలా?