అక్టోబరులో డ్రెస్డెన్ పోతా ఉండా, ఆదివారాలు ఏం చేస్తారప్పా?

కొర్లగుంట కుర్రోడు:
అన్నలకూ అక్కలకూ నమస్తే. తిరుపతిలో బీటెక్ అయిపోయింది, ఎమ్మెస్‌కి జర్మనీలోని డ్రెస్డెన్‌లో సీటొచ్చింది. వీసా, బ్లాక్డ్ అకౌంటు గోల దాటేసినా (వీసాకు ముందే బ్యాంకులో వేసి చూపించాల్సిన ఖర్చుల దుడ్లు, ఏడాదికి 11,904 యూరోలు. ఆ రోజు నాయన ముఖం చూడలేకపోయినా). వాటి మీద చర్చలు దండిగా ఉండాయి, అది అడగను. ఆడ ఆదివారం అంగళ్ళన్నీ మూసేస్తారంట, చలికాలం ఆరింటికే చీకటంట. రూములో కూర్చుంటే పిచ్చెక్కుతుందని మా సీనియరు బెదిరిస్తా ఉండాడు. నాకు నెలకోసారి అలిపిరి ఎక్కే అలవాటు. ఆడ కొండలుంటాయా, ఎట్లా పోతారు, ఎంతవుతుంది? మీకు జరిగినవి చెప్పండి.

పాకాల జంక్షన్:
ఆరింటికి కాదు తమ్ముడూ, డిసెంబరులో నాలుగింటికే. పొద్దున ఎనిమిదైతే గానీ తెల్లారదు. నేను డ్రెస్డెన్‌లోనే రెండేళ్ళు ఉండినా. మొదటి నవంబరు ఆదివారాలు ఎట్లుండేవంటే, మధ్యాహ్నం లేచి టీ పెట్టుకొని ఫోను తీసేలోపల మళ్ళీ రాత్రి. ఇంటికి చేద్దామంటే చలికాలం మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా, అమ్మ పడుకోనుంటాది. మూడు వారాలు అట్లా గడిచినాక పక్క రూము పిల్లోడు బలవంతంగా లాక్కుపోయినాడు.

ఎస్-1 లోకల్ రైలు ఎల్బె ఏటి పక్కనే పోతుంది. రాథెన్ అనే చిన్న ఊర్లో దిగి పడవలో అవతలి ఒడ్డుకు పోవాల. ఆ పడవకి ఇంజను లేదు. పొడుగాటి తాడుకు కట్టేసి ఉంటారు, ఏటి వడే దాన్ని పక్కకు తోస్తుంది. నేను కొండ కంటే ఆ పడవనే జాస్తి చూసినా. అవతల దిగితే మెట్లే మెట్లు. పైన బాస్టై అనే రాళ్ళ కొండ. 1851లో ఇసుకరాయితో కట్టిన వంతెన, కింద ఏరు 194 మీటర్ల లోతులో. నిట్టనిలువు రాళ్ళు, మధ్యలో మంచు. ఆ పొద్దు రూముకొచ్చి పడుకుంటే మూడు వారాల తర్వాత నిద్ర పట్టింది.

ఖర్చు సంగతి. దేశమంతా లోకల్ బండ్లకు చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్టు ఉండాది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 చేసినారు, 2026 జనవరి నుంచి నెలకు 63. చానా యూనివర్సిటీల్లో దీన్నే తక్కువకు సెమిస్టర్ ఫీజులో కలిపేస్తారు. ముందు అది కనుక్కో. నేను కనుక్కోకుండా ఒక నెల విడిగా కొన్నా, దండగ.

చెనిక్కాయ:
ఆ టికెట్టు ఐసీ, ఐసీఈ అనే దూరం పోయే ఫాస్టు బండ్లకు చెల్లదు సామీ. నేను ఫోను చూసుకుంటా ఎక్కేసినా. మెత్తటి సీటు చూసి 'ఏం దేశమప్పా' అనుకునే లోపల 60 యూరోలు కట్టించుకున్నారు. విడిగా తీసుకుంటే నెల నెలా దానంతటదే కోసుకుంటారు. ఆపాలంటే 10వ తేదీ లోపల చెప్పాల.

గుడిపాల పిల్ల:
నేను స్కాట్లాండ్‌లో ఉండాను, ఎడిన్‌బరోలో. ఊరి మధ్యలోనే ఆర్థర్స్ సీట్ అని 251 మీటర్ల గుట్ట. క్లాసు అయినాక చెప్పులేసుకోని ఎక్కేదాన్ని. దాంతో బాగా పొగరొచ్చింది.

మార్చిలో ముగ్గురు ఆడపిల్లలం బెన్ లోమండ్‌కు పోయినాము. 974 మీటర్లు. మన హార్స్‌లీ కొండ 1,265 కదా, ఇదేం లెక్క అనుకున్నాము. హార్స్‌లీ కొండకు మనం బస్సులో పోయింటామని ఎవ్వరికీ గుర్తు రాలా. పైగా మదనపల్లె ఉండేదే 700 మీటర్ల దగ్గర. బెన్ లోమండ్ కింద చెరువు ఒడ్డు సముద్రం కంటే పది మీటర్లు కూడా ఎత్తు లేదు. అంటే మొత్తం కాళ్ళతోనే ఎక్కాల.

కింద మంచి ఎండ. సగం ఎక్కినాక మబ్బు దిగింది, చేయి చాపితే చేయి కనపడలా. వానలో మంచు కలిసి అడ్డంగా కొడతా ఉండాది. నాది జీన్సు ప్యాంటు, గుడ్డ బూట్లు. తడిసిన నూలు గుడ్డ ఒంట్లో వేడినంతా లాగేస్తుందని అప్పుడు తెలిసింది. మా స్నేహితురాలికి వణుకు తగ్గలా, మాట తడబడింది. నాకు నిజంగా భయమేసింది.

అలిపిరిలో 3,550 మెట్లుండచ్చు. కానీ నెత్తిన కప్పుంటాది, లైట్లుంటాయి, అంగడి ఉంటాది, పక్కన ఎవరో ఒకరు గోవిందా అంటా ఉంటారు. తప్పిపోదామన్నా తప్పిపోలేము. ఈడ నువ్వూ, గాలీ. అంతే. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం కొండలూ బయళ్ళూ దాదాపు యాడైనా నడవచ్చు, అడిగేవాళ్ళు లేరు. దారి చెప్పేవాళ్ళూ లేరు.

కుక్కను తోలుకోని దిగుతా ఉండిన ముసలి దంపతులు మమ్మల్ని చూసి ఆగినారు. ఆమె తన టోపీ తీసి మా పిల్లకు పెట్టింది, ఫ్లాస్కులో టీ తాగించింది, కింద దాకా వెంట వచ్చినారు. పేరు కూడా అడగలేదే అని ఇప్పటికీ అనుకుంటా. బూట్లకు మాత్రం దుడ్లు పెట్టు తమ్ముడూ. మిగతావి పాత సామాన్ల అంగట్లో దొరుకుతాయి.

ఓవర్‌టైమ్:
మీ కొండలు బాగుండాయి. నేను మొదటి ఏడాది ఒక్కటి కూడా చూళ్ళా. లోను కట్టాల, శని ఆదివారాలు గోడౌన్లో పని. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చెయ్యచ్చు, నేను ఒక్క రోజు కూడా వదల్లా. ఇట్లాంటి చర్చలు చూస్తే ఒళ్ళు మండేది.

నాకుండిన ఔటింగ్ ఒకటే. పాత సైకిలు కొన్నా. తెల్లవారుజామున నాలుగున్నరకు ఏటి గట్టు మీద పనికి పోతా ఉంటే, జూన్‌లో అప్పటికే వెలుతురు. గడ్డిలో కుందేళ్ళు, నీళ్ళ మీద హంసలు. ఐదు నిముషాలు ఆగి చూసేవాణ్ణి, ఆ ఐదు నిముషాలు నావి. కొండ ఎక్కితేనే తిరిగినట్టు కాదు. చీకట్లో తొక్కితే లైటు తప్పదు, లేకుంటే పోలీసులు జరిమానా వేస్తారు.

పుత్తూరు నాయన:
నేను విద్యార్థిని కాదు, తండ్రిని. మా అబ్బాయి మ్యూనిక్ దగ్గర చదువుతున్నాడు. ఒక ఆదివారం పొద్దున బండరాయి అంచున నిలబడి ఫోటో పెట్టాడు, తర్వాత సాయంత్రం దాకా ఫోను లేదు. వాళ్ళమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మీరంతా తిరగండి, వద్దనను. ఫోటో మాత్రం ఎక్కేటప్పుడు కాదు, దిగినాక పెట్టండి నాయనా.

గుడిపాల పిల్ల:
సరే అంకుల్. మా ఇంట్లో బెన్ లోమండ్ కథ ఇంకా చెప్పలా. ఈడ కూడా పేరు మార్చుకునే రాస్తా ఉండా.

మదనపల్లె టమాటా:
అందరూ కొండలు చెప్పినారు, సద్ది ఎవరూ చెప్పలా. చిత్రాన్నం కట్టుకో, చలికి చెడిపోదు. ఆదివారం అంగడి ఉండదు కాబట్టి శనివారమే నిమ్మకాయలు తెచ్చుకో. పెద్ద స్టేషన్లలో కొన్ని అంగళ్ళు తెరిచుంటాయి, రేటు జాస్తి. నీళ్ళ సీసా పారెయ్యద్దు. ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి. తిరుమలలో గాజు సీసా తిరిగిస్తే దుడ్లిచ్చినట్టే.

ఇంకోటి. మిక్సీ. రాత్రి పదింటి తర్వాతా, ఆదివారమంతా చప్పుడు చెయ్యకూడదు. నేను ఊరిబిండి నూరుకుందామని ఆదివారం తిప్పినా, తలుపు మీద చీటీ అంటించి పోయినారు. చాలా మర్యాదగా రాసినారు, అందుకే ఇంకా సిగ్గేసింది.

ఎండాకాలం గడ్డిలో తిరిగితే పిడుదులు పడతాయి, మన గొడ్లకు పట్టేవే. ప్యాంటు సాక్సులోకి దోపుకో. ఇంటికొచ్చి ఒళ్ళు చూసుకో. కుట్టిన చోట ఎర్రగా ఉంగరం మాదిరి పెరిగితే డాక్టరు తావకు పో. పిడుదుల వల్ల మెదడువాపు కూడా రావచ్చు, డ్రెస్డెన్ ఉండే శాక్సనీ రాష్ట్రంలో దానికి టీకా వేసుకోమంటారు, పోయిన కొత్తలోనే అడుగు. ఆ ఎర్ర ఉంగరం జబ్బుకు మాత్రం ఆ టీకా పనికిరాదు. ఏ ఆపదకైనా 112.

పాకాల జంక్షన్:
ఒక మాట మరిచిపోయినా. నన్ను లాక్కుపోయిన పిల్లోడు ఒకసారి అడిగినాడు, మీ కొండ మీదికి ఎన్ని దారులుండాయని. అలిపిరి, శ్రీవారి మెట్టు అని చెప్పి ఆగిపోయినా. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం పోతారని వినడమే గానీ పోలా. తలకోన జలపాతం కూడా నేను మొదటిసారి చూసింది వాడు ఇండియా వచ్చినప్పుడే. 270 అడుగుల నీళ్ళ కింద వాడు నిలబడుకోని, 'ఇంటి పక్కన ఇది పెట్టుకోని నాతో బాస్టై చూసేదానికొచ్చినావా' అని తిట్టినాడు. నీకింకా టైముంది తమ్ముడూ. పోయేలోపల తలకోన చూసి పో.

కొర్లగుంట కుర్రోడు:
తలకోన ఈ ఆదివారమే అన్నా, బూట్లు కూడా ఆడే పరీక్ష పెడతా. అమ్మ ఈ చర్చంతా చదివి ఒకటే అడగమనింది. చెనిక్కాయల పొడి, నెయ్యి డబ్బా పెట్టచ్చా?

మదనపల్లె టమాటా:
పొడి పెట్టుకో. మాంసం, పాల సరుకులు యూరప్‌లోకి తేనీరు, నెయ్యి వద్దని చెప్పు. బాధపడుతుంది, అయినా చెప్పు.