అప్‌డేట్: అక్క కాలేజీలో చేరింది

పదో తరగతితో చదువు ఆపేసిన మా అక్క, కాలిఫోర్నియాలో అడల్ట్ స్కూల్ (పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి) ఇంగ్లీష్ క్లాసులయ్యాక ఏం చదవొచ్చని వేసవిలో ఇక్కడ అడిగాను కదా. కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీ) చేరిపోయింది!

హైస్కూల్ డిప్లొమా (అక్కడ 12వ తరగతి పూర్తిచేసిన సర్టిఫికెట్) లేదనే మా టెన్షనంతా. 18 ఏళ్లు నిండితే అది లేకున్నా చేర్చుకుంటారట. అడల్ట్ స్కూల్ కౌన్సెలర్ దగ్గరుండి దరఖాస్తు పెట్టించి, క్యాంపస్ కూడా చూపించారు. ఒక్కతే అయితే అక్క ఆ గేటు దాటేది కాదు. గ్రీన్‌కార్డుతో ఏళ్లుగా అక్కడే ఉంటోంది కాబట్టి ఫీజు యూనిట్‌కు (కోర్సులను లెక్కించే క్రెడిట్ లాంటిది) 46 డాలర్లే.

చైల్డ్ డెవలప్‌మెంట్‌లో 12 యూనిట్లు చేస్తే ప్రైవేటు ప్రీస్కూల్లో టీచర్‌గా చేరొచ్చు. మొదటి 3 యూనిట్లు నడుస్తున్నాయి. మొన్న రాత్రి వంటింట్లో కూర్చుని రెండు పేజీల అసైన్‌మెంట్ ఇంగ్లీష్‌లో తనే రాసుకుంది. బావగారిని పెన్ను కూడా ముట్టుకోనివ్వలేదట. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.