టైఫాయిడ్‌కి సిప్రో పనిచేయలేదు, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కృష్ణలంక_కిరణ్
మా తమ్ముడికి పదకొండు రోజులుగా జ్వరం. పొద్దున తగ్గినట్టే ఉంటుంది, దీపాలు పెట్టే వేళకి 103. వీధి చివర ఆర్‌ఎంపీ గారు విడాల్ అనే రక్తపరీక్ష చేయించి, టైఫాయిడే అని ఐదు రోజులకి సిప్రో (సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్) ఇచ్చారు, తగ్గలేదు. నాన్న మెడికల్ షాపులో అడిగి ఇంకో స్ట్రిప్పు తెచ్చారు, అదీ అయిపోవచ్చింది. నిన్న సూర్యారావుపేటలో పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదటి మాటే “కల్చర్ చేయించారా?” అని. అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. ఇన్ని మాత్రలు పడ్డాక రక్తంలో ఏమీ పెరగకపోవచ్చట, అయినా తీశారు. బాగా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_శైలజ
నిరుడు నాకూ వచ్చింది. మా డాక్టరమ్మ ఒక్క మాత్ర వేయకముందే కల్చర్‌కి రక్తం తీయించింది. రిపోర్టులో ఒక పక్క మందుల పేర్లు, ఎదురుగా ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే క్రిమి దానికి లొంగదు. సిప్రోకి ఆర్. విచిత్రం ఏంటంటే క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్‌కి ఎస్! మా తాతయ్య కాలం మందులు.

ల్యాబ్_బాబాయ్
వింతేం లేదమ్మా. క్లోరాంఫెనికాల్ 1948 నుంచీ టైఫాయిడ్‌కి వాడిన మందు. 1980ల చివరికి అది, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ ఒకేసారి లొంగని రకం మన దేశంలో పాకింది. అప్పుడు అందరూ సిప్రో మీద పడ్డారు, పదేళ్లు తిరిగేసరికి అదీ మొరాయించింది. క్రిమి జన్యువులో చిన్న మార్పు చాలు, మందు అతుక్కోవాల్సిన చోటే మారిపోతుంది. పాతవాటి వాడకం తగ్గాక చాలాచోట్ల అవి మళ్లీ పనిచేస్తున్నాయి. అలాగని క్లోరాంఫెనికాల్ సొంతంగా కొనేయకండి, అరుదుగానైనా ఎముక మజ్జని దెబ్బతీస్తుంది.

ఇక విడాల్ అంటారా, అది 1896 నాటి పరీక్ష. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కీ, వేరే జ్వరాలకీ కూడా పాజిటివ్ చూపిస్తుంది. దాన్ని పట్టుకుని కోర్సులు రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సింగ్‌నగర్_రవి
కల్చర్ కల్చర్ అంటారు గానీ బాబాయ్, రోజు కూలీ పోగొట్టుకుని మూడు రోజులు రిపోర్టు కోసం ఎవడు కూర్చుంటాడు? బుడమేరు వరద తర్వాత మా లైన్లో సగం ఇళ్లలో జ్వరాలే. నాలుగు మాత్రలు మింగి పనిలోకి పోయారు.

ల్యాబ్_బాబాయ్
కూర్చోమని ఎవరన్నారు? రక్తం ఇచ్చేసి అదే పూట మందు మొదలుపెట్టొచ్చు, రిపోర్టు వచ్చాక డాక్టర్ మారుస్తారు. రక్తం తీసే సూది ముందా మాత్ర ముందా అన్నదే నా గోల. కల్చర్‌కి కూడా దాదాపు సగం కేసులు దొరకవు, ముందే మందు పడితే ఇంకా కష్టం.

మంగళగిరి_పద్మ
కిరణ్, ఒక మాట. మా బాబుకి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మొదలెట్టిన మూడో రోజు కూడా 102. మా అత్తగారు హాస్పిటల్ మార్చేద్దామని ఒకటే గొడవ. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుందని డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పబట్టి ఆగాం. ఆరో రోజు పొద్దున వాడే లేచి ఇడ్లీ అడిగాడు, కారప్పొడి వేసి మరీ.

తెనాలి_కుమార్
హైదరాబాద్‌లో ఏ మందుకీ లొంగని టైఫాయిడ్ అని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

ల్యాబ్_బాబాయ్
ఆ హైదరాబాద్ మనది కాదయ్యా, పాకిస్తాన్ సింధ్‌లోది. 2016లో బయటపడింది. సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగలేదు, నోటి మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2019లో వాళ్లు పిల్లలకి వేయడం మొదలుపెట్టిన టీకా మాత్రం మన హైదరాబాద్‌లో తయారైందే.

కృష్ణలంక_కిరణ్
కల్చర్‌లో ఏమీ పెరగలేదు, అనుకున్నట్టే. ఇంజెక్షన్ మొదలెట్టి ఇవాళ్టికి మూడో రోజు, సాయంత్రం 101.4. పద్మక్క రాసింది అమ్మకి చదివి వినిపించా, కాస్త కుదుటపడింది. నాన్న మాత్రం మిగిలిన నాలుగు సిప్రో మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో దాచారు. ఎప్పుడైనా పనికొస్తాయట.