టేకాఫ్‌లో పుష్పక్ ఇంజిన్ పవర్ పడిపోతోంది, ఎక్కడ వెతకాలి?

గంజాం జిల్లా బరంపురం నుంచి అడుగుతున్నాను. మా మావయ్యది పాత హెచ్‌ఏఎల్ పుష్పక్ అనే చిన్న విమానం, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం నిలబడుతుంది, స్పార్క్‌కి కరెంటిచ్చే మాగ్నెటోలు రెండూ బాగున్నాయి. తీరా గాల్లోకి లేచి ముక్కెత్తగానే నీరసపడుతోంది. థ్రాటిల్ కాస్త తగ్గిస్తే తేరుకుంటోంది. అంటే పెట్రోలు చాలట్లేదనే నా అనుమానం. మెకానిక్ గారేమో కార్బ్యురేటర్‌లో మంచు అంటారు. మా ఎండల్లో మంచేమిటని నవ్వొచ్చింది గానీ, తేమ గాలి ఉంటే 25 డిగ్రీల్లోనూ కడుతుంది మరి. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే చేస్తుందా? గ్రావిటీ ఫీడ్‌కి, అంటే పంపు లేకుండా ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే కిందికి దిగే పద్ధతికి, టేకాఫ్ వాడకానికి ఒకటిన్నర రెట్లు ఫ్లో రావాలంటారు. ముక్కు క్లైంబ్ కోణానికి ఎత్తి, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి కొలిస్తే ఈ ఇంజిన్‌కి గంటకి ఎన్ని లీటర్లు రావాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. అందాకా బండి హ్యాంగర్‌లోనే.