గండికోట లోయలో గుడ్లగూబ గూడు ఎక్కడుందో చెప్పవచ్చా?

ఎర్రరాయి: గండికోట లోయలో కొమ్ముల గుడ్లగూబ పొదుగుతున్న చోటును నిన్న ఒక సభ్యుడు పటం మీద గుర్తు పెట్టి మరీ ఈ చర్చావేదికలో ప్రకటించారు. దానిని వెంటనే తొలగించాలి. ఈ పక్షి పుల్లలతో గూడు కట్టదు, రాతి అరుగు మీది వట్టి మట్టిలోనే గుడ్లు పెడుతుంది. మనుషులు అంచు దాకా వస్తే తల్లి ఎగిరిపోతుంది, ఎండకు కాలే ఆ రాతి మీద గుడ్లకు ఏ నీడా మిగలదు.

కోటగోడ: ఆ అరుగు కోట వైపు నుంచి అందరికీ కనిపించేదే. ఇందులో రహస్యమేముంది?

ఎర్రరాయి: అరుగు కనిపిస్తుంది, పక్షి కనిపించదు. దాని గోధుమ రంగు ఈకలు రాతిలో కలిసిపోతాయి, నారింజ రంగు కళ్లు తెరిస్తే తప్ప పోల్చుకోలేము. దీపావళికి క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవారు ఉన్నారని మరచిపోకండి.

సీమపిట్ట: గుడ్లు పెట్టేది దీపావళి దాటాకే కదా?

ఎర్రరాయి: జంట ఏడాది పొడవునా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది.

పెన్నగట్టు: గుర్తు పెట్టింది నేనే. మా నాన్న ఆ అంచునే మేకలు మేపుతారు. పోయిన చలికాలం ఒక ఫోటోగ్రాఫరును తెల్లవారుజామున వెంటబెట్టుకుని వెళ్లి ఆ అరుగు చూపించారు. ఆయన ఫోటో ప్రకటిస్తూ చోటు చెప్పనన్నారు, మా నాన్న పేరూ చెప్పలేదు. నేను చెబితేనే పక్షికి ప్రమాదమా?

ఎర్రరాయి: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. దానికీ గుడ్ల భద్రతకూ సంబంధం లేదు.

పెన్నగట్టు: ఎందుకు లేదు? అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షిని 1986లో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానికుడు.

ఎర్రరాయి: పట్టిన ఆ పక్షి బతకలేదన్నది కూడా చెప్పండి.

పెన్నగట్టు: ఆ చావును ఊరివాళ్ల మీదికి నెడుతున్నారా? ఆ మనిషి చూపకపోతే ఆ పక్షి జాతి ఇంకా బతికి ఉందని శాస్త్రవేత్తలకు తెలిసేదే కాదు. మా చేత దారి చూపించుకుని, చూడడం పూర్తయ్యాక మమ్మల్నే నోరు మూసుకోమంటారు. గుర్తు తీసేయమంటే తీసేస్తాను. అయితే ఇకపై ఆ అంచుకు ఎవరు రావాలన్నా ఊరివారి వెంట, వారు చెప్పిన దూరం నుంచి, వారికి కూలి ఇచ్చి చూడాలి. ఒప్పుకుంటారా?

సీమపిట్ట: ఇది న్యాయమైన మాట.

ఎర్రరాయి: కూలికి, దూరానికి ఒప్పుకుంటాను. గుడ్లు, పిల్లలు ఉన్నంతకాలం మాత్రం ఎవరి వెంటా ఎవరూ వెళ్లకూడదు, నేనైనా సరే.

పెన్నగట్టు: మా నాన్న మేకలు ఆ దారినే వెళ్తాయి. ఆయననూ ఆపుతారా?