లక్ష డాలర్ల హెచ్‌1బీ ఫీజు: మనవాళ్ళే సపోర్ట్ చేయడమేంటి?

నిప్పురవ్వ: 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్‌1బీకి (అమెరికా వర్క్ వీసా) లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పట్నుంచి చూస్తున్నా, సిటిజన్‌షిప్ వచ్చేసిన మన తెలుగోళ్ళే "మంచి పని చేశాడు" అంటున్నారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం అంటే ఇదే.

స్థిమితం: ముందు రూల్ చదువు. ఆ ఫీజు దేశం బయట ఉన్నవాళ్ళకి వేసే కొత్త పిటిషన్లకే. ఇక్కడే ఉండి ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) నుంచి మారేవాళ్ళకి, ఎక్స్‌టెన్షన్లకి లేదని అక్టోబర్‌లో యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీస్) చెప్పేసింది. ఒకే మనిషి పేరు నాలుగు కంపెనీలతో వీసా లాటరీలో వేయించిన కన్సల్టెన్సీలని మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌తో వచ్చిన కుర్రాడికి పని నేర్పింది నేను, లేఆఫ్‌లో పోయింది నేను, ఉన్నది వాడు.

నిప్పురవ్వ: ఆ నాలుగు కంపెనీల ఆట 2024లోనే ఆగింది, అప్పట్నుంచి ఒకే మనిషికి ఎన్ని కంపెనీలు వేసినా లాటరీలో ఛాన్స్ పెరగదు. నిన్ను తీసేసింది నీ కంపెనీ అన్నా, ఆ కుర్రాడు కాదు.

వానకోయిల: మీ ఫీజు గొడవ సరే, గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదనే లిమిట్ గురించి ఎవరూ మాట్లాడరేం? మా పెద్దోడికి 21 దగ్గర పడుతోంది, ఈలోపు క్యూలో మా నంబర్ రాకపోతే మా కేసులోంచి పోతాడు.

స్థిమితం: అది వేరే టాపిక్ అండి. ఫీజు ఎవరికి పడుతుందో తెలీకుండా...

నిప్పురవ్వ: మళ్ళీ అదే! ఎవరికి పడుతుందో నాకు తెలుసు, నీకెందుకంత సంతోషమో చెప్పు.

చదువరి: మోడ్స్, ఇది లాక్ చేయకండి ప్లీజ్

స్థిమితం: చెప్తా విను. ఇన్నేళ్ళూ ఎవరి జోలికీ పోకుండా బతికాం. మొన్న స్కూల్ బస్సులో ఒక పిల్లాడు మా అమ్మాయిని "మీ నాన్న మా నాన్న జాబ్ లాక్కున్నాడు, మీ దేశం పొండి" అన్నాడు. మా అమ్మాయి పుట్టింది ఇక్కడే. ఇంటికొచ్చి, మనం ఎప్పుడు వెళ్ళిపోవాలి అని అడిగింది. వచ్చేవాళ్ళు తగ్గితే ఈ కోపం తగ్గుతుంది, నాకంతే కావాలి.

నిప్పురవ్వ: పాపని అలా అనడం ఘోరం. కానీ తగ్గదన్నా. 1917 చట్టంతోనే మనవాళ్ళ రాక దాదాపు ఆపేశారు. అయినా 1923లో భగత్ సింగ్ థిండ్, అమెరికా సైన్యంలో పనిచేసినోడు, తెల్లవాడు కాదు కాబట్టి సిటిజన్ కాలేడని సుప్రీంకోర్టు తేల్చింది, అది పట్టుకుని అప్పటికే సిటిజన్లయినోళ్ళవి కూడా రద్దు చేస్తూ పోయారు. వచ్చేవాళ్ళు ఆగాక ఉన్నోళ్ళ మీద పడ్డారు.

స్థిమితం: వందేళ్ళ కిందటి కేసు నాకెందుకు, రేపు బస్సెక్కేది నా కూతురు.

వానకోయిల: స్కూల్‌కి కంప్లైంట్ ఇచ్చారా? ఫోన్‌లో కాదు, మెయిల్ పెట్టండి, రికార్డ్ ఉంటుంది.

స్థిమితం: పెట్టానండి, చూస్తాం అన్నారు. ఫీజు మీద నా మాట మాత్రం మారదు.